అంబదాస్ లివరు, రజని ఎలుకలు

అమీర్‌పేట

చిరంజీవి రజనికి, అంబదాస్ మామ దీవెనలు.

ఫోన్ చేస్తే ల్యాబ్‌లో ఉన్నానని పెట్టేస్తవు. నడిచొద్దామంటే మీ పంజాగుట్ట కాలేజీ మెట్లెక్కే శక్తి లేదు. అందుకే ఈ ఉత్తరం. మైత్రీవనం వెనక హాస్టళ్లలో నల్లుల మందు కొట్టీ కొట్టీ నా లివర్ పాడైందట. “పని మానకుంటే బతకవు” అన్నడు డాక్టర్. ఈ పని తప్ప నాకేమొస్తది? నువ్వేమో పురుగుమందు తాగిన ఎలుకలకు నేల ఉసిరి రసం పోసి లివర్లు కాపాడుతున్నవని మీ అమ్మ చెప్పింది. నాకు సుత ఒక సీసా పంపు. పని మానకుండనే బతుకుత.

ఇట్లు, మీ మామ

తా.క. ఎలుకలు తిండికి ముందు తాగుతున్నయా, తర్వాతనా?

పంజాగుట్ట

మామకు రజని నమస్కారాలు.

అది మందు కాదు, ఇంకా పరీక్షే. కొన్ని ఎలుకలకు పురుగుమందు ఒక్కటే ఇస్తాం. కొన్నిటికి దాంతోపాటు రసం, మిగిలినవాటికి పురుగుమందు లేకుండా ఉత్త మంచినీళ్లు. చివరికి అన్నిటి లివర్లూ పోల్చి చూస్తేనే రసం పనిచేసిందో లేదో తెలిసేది. అంతదాకా డాక్టర్ మాట విను.

నీ రజని

తా.క. తిండికి ముందు. ఎలుకల సంగతి చెబుతున్నాను, నీ సంగతి కాదు.

అమీర్‌పేట

బిడ్డా రజనీ,

మందు కాదంటూనే తాగే వేళ చెప్పినవు. అర్థమైంది, కాలేజీ రూల్స్ ఉంటయి. పార్కులో నేల ఉసిరి పీక్కొచ్చి తాగుతున్న. ధైర్యమొచ్చి మాస్క్ తీసేసిన. జర ఫికర్ చేయకు.

నీ ధైర్యవంతుడైన మామ

తా.క. ఆ పార్కులో దోమల మందు కొట్టింది సుత నేనే. అందుకే ఆకు బాగా కడుగుతున్న.

పంజాగుట్ట

మామా,

నీ ఉత్తరం చదివి తల పట్టుకున్నాను. ఆ ఆకు పారెయ్. మాస్క్ పెట్టుకో. నీకు దండం పెడతాను, ఆసుపత్రికి పో.

రజని

తా.క. తిండి తర్వాత కూడా తాగొద్దు.

అమీర్‌పేట

బిడ్డా,

మంచి వార్త. మీ కాలేజీలో బొద్దింకల మందు కొట్టే పని దొరికింది. ఆదివారం కాబట్టి నువ్వు లేవు. కూసుకుంట, లేసుకుంట మెట్లన్నీ ఎక్కిన. వాచ్‌మన్ హనుమాండ్లు నీ ఎలుకల గది చూపించిండు. నా ప్రాణమంత వాటి మీదనే ఉంది గద, వాటి దగ్గరికి పురుగు రావద్దని ఆ గదిలో మూలమూలకూ కొట్టిన. కిటికీలు సుత మూసిన.

ఇట్లు, మీ మామ

తా.క. మంచినీళ్ల ఎలుకలను చూస్తే పాపమనిపించింది. వాటి వైపు ఇంకొంచెం కొట్టిన.

పంజాగుట్ట

మామకు,

నీ ఉత్తరం అందేసరికి ఆలస్యమైపోయింది. లివర్లు తీసి చూశాం. అన్నీ ఒకేలా పాడైపోయాయి, మంచినీళ్లు తాగినవాటివి కూడా. నేల ఉసిరి కాపాడుతుందో లేదో ఇక ఎవరికీ చెప్పలేను. నా చదువు మళ్లీ మొదటికి వచ్చింది. నీ మీద కోపం లేదని రాద్దామనుకున్నాను. కానీ ఉంది, చాలా ఉంది.

ఒక్కటి మాత్రం తేలింది. ఆ ఎలుకలు నీ మందు పీల్చింది ఒక్క ఆదివారం. నువ్వైతే, నేను పుట్టకముందు నుంచీ పీలుస్తున్నావు.

రజని

తా.క. ఇది పోస్టులో వేయలేదు, నీ తలుపు కింద నుంచి తోస్తున్నాను. ఎదురుపడితే ఏడుస్తానని సందు చివర ఆటోలో కూర్చున్నాను. చొక్కా తొడుక్కుని రా మామా, ఆసుపత్రికి పోదాం. ఆ మందు పీల్చినవాళ్లలో నాకు మిగిలింది నువ్వొక్కడివే, నిన్నయినా సరిగ్గా చూసుకోనీ.