లేవని మోటరుకు ధర

బోథ్
3-11-1957

ప్రియమైన కొడుకు ఎల్లేశానికి మీ అవ్వ బుచ్చవ్వ దీవించి రాస్తున్నది. నేను బాగానే ఉన్నాను. మోకాళ్ల నొప్పి ఉన్నది, అది ఎప్పుడూ ఉన్నదే. నువ్వు వర్క్‌షాపులో పెట్రోలు పక్కన కూర్చుని బీడీ తాగుతున్నావేమోనని నాకు ఒకటే ఫికర్. తాగకు.

నువ్వు చూసి రమ్మన్నట్టే తారాబాయి మోటరు కారును చూశాను. ఆమె ఇంట్లో ఇరవై ఏండ్లుగా పని చేస్తున్నా దాని దగ్గరికి పోయింది తక్కువ. సేటు చనిపోయినప్పటి నుంచి తొమ్మిదేండ్లు కొట్టంలోనే ఉన్నది. రంగు సగం పోయి తుప్పు పట్టింది. పైన గుడ్డ చినిగింది. సీట్లలో ఎలుకలు పిల్లలు పెట్టాయి. నాలుగు టైర్లూ పగిలాయి. ముందు అద్దం, రెండు దీపాలు మాత్రం బాగున్నాయి. ముందరి రేకు లేపి ఇంజను చూడమన్నావు. లేపలేదు. నా చేత కాదు, ఎవరినీ అడగలేదు కూడా.

బాయి ఇల్లు ఖాళీ చేసి యవత్మాల్‌లో తమ్ముడి దగ్గరికి పోతున్నది. సేటు బీడీ ఆకు వ్యాపారం ఆయనతోనే పోయింది. ఆమెకు అమ్ముకునేందుకు మిగిలింది ఈ మోటరే. తమ్ముని గడప ఒట్టి చేతులతో ఎక్కడమెట్లా అని ఆమె బాధ. ఆదిలాబాద్ నుంచి పాత ఇనుము కొనే కైలాసం వచ్చి నాలుగు వందలు అన్నాడట. ఇరవై ఐదో తారీకు సోమవారం వచ్చి తీసుకుపోతాడట. నువ్వు దాన్ని బాగు చేసుకొని టాక్సీ నడపాలనుకుంటున్నావని నేను చెప్పాను. అప్పుడు బాయి అన్నది:

"కైలాసం మాట నేను నమ్మ. నీ కొడుకు మెకానిక్ గదా. గాయన ఏది న్యాయమైన ధర అంటె గదే ఖాయం."

ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదు. ధర రాయి. ఆలోచించి రాయి.

దీవెనలతో,
మీ అవ్వ


మెట్‌పల్లి
9-11-1957

ప్రియమైన అవ్వకు ఎల్లేశం శనార్తులు. బీడీ మానేశాను, మళ్లీ అడగకు.

మా మేస్త్రీ అంతయ్యకు ఆ కైలాసం తెలుసు. కైలాసం రేకు లేపి చూశాడట. డిస్ట్రిబ్యూటర్ మూత లేదట. ఇంజనులో నిప్పు పంచేది అదే. అంత పాత బండికి ఆ మూత హైదరాబాదులో కూడా దొరకదు. అది లేకుంటే ఇంజను బతికున్నదో చచ్చిందో చూసే దారే లేదు. కాబట్టి చచ్చిన బండి ధరే కట్టాలి. అదే నడిచే బండి అయితే పదిహేను వందలు పలుకుతుంది.

నా దగ్గర నాలుగు వందల యాభై ఉన్నది. అంతే ఇద్దాం. మన ఎడ్లను అమ్మే జోలికి పోవద్దు. వేరే బండి మూతను చెక్కి పెట్టి చూద్దామని అంతయ్య అంటున్నాడు. లేస్తే నా అదృష్టం. నాలుగు వందల యాభై న్యాయమని నేను అన్నానని బాయికి చెప్పు. ఎన్నేండ్లని ఇంకొకరి బండ్ల కింద పడుకోను, అవ్వా?

నీ కొడుకు
ఎల్లేశం


బోథ్
14-11-1957

ప్రియమైన ఎల్లేశం,

ఈ ఉత్తరం చదివి చింపెయ్యి. ఆ మూత నా దగ్గరున్నది.

నల్లగా, గుండ్రంగా, చుట్టూ నాలుగు కొమ్ములు, నడుమ ఒకటి. అదే కదా? రజాకార్లు ఊళ్లలో మోటర్లు గుంజుకుపోతున్న ఏడు, నేను కందిపప్పు చెరుగుతుంటే సేటు వచ్చి దాన్ని నా చేటలో పెట్టాడు. "దాచు బుచ్చవ్వా. గిది లేకుంటె బండి వాళ్లకు పీనుగే. నేనడిగేదాక ఎవ్వలకు చూపకు" అన్నాడు. నాలుగో రోజు ఆయనకు జ్వరం తగిలింది. పదో రోజు పోయాడు. అడగనే లేదు.

తర్వాత ఇండియా పటాలం వచ్చింది, రజాకార్లు పోయారు. బాయికి ఇద్దామనుకున్నాను. ఇన్ని దినాలు ఎందుకు దాచినవంటే ఏం చెప్పను? నెల అయ్యాక భయం, ఏడాది అయ్యాక ఇంకా భయం. దొంగ అన్న పేరు వస్తే ఏ ఇంట్లో పని దొరుకుతుంది? నీకు చెబితే నీ నోట ఎక్కడ జారుతుందోనని చెప్పలేదు. జొన్నల గుమ్మి అడుగున అట్లనే పెట్టాను.

నాలుగు వందల యాభై న్యాయమని చెప్పడానికి బాయి దగ్గరికి రెండుసార్లు పోయాను. నోరు రాలేదు. ఒకసారి ఎడ్లకు తౌడు అడిగి తెచ్చుకున్నాను, రెండోసారి ఉత్తగానే వచ్చాను. ఏం చెయ్యాలో వెంటనే రాయి. పరేషాన్‌లో ఉన్నాను.

మీ అవ్వ


మెట్‌పల్లి
18-11-1957

ప్రియమైన అవ్వకు,

నీ ఉత్తరం చదివి చింపేశాను. అదే మూత. అది బాగుంటే బండి లేచినట్టే.

నా మాట విను. ఎవరికీ చెప్పకు. ముందు బండి మన చేతికి రానీ. మనం దొంగతనం చెయ్యడం లేదు, కైలాసం కంటే యాభై ఎక్కువే ఇస్తున్నాం. మూత చూపిస్తే ధర పదిహేను వందలకు పోతుంది. ఎడ్లు అమ్మినా మనకు అంత కూడదు. వేరేవాడు కొనుక్కుపోతాడు, నేను ఇక్కడే ఉండిపోతాను. పైగా తొమ్మిదేండ్ల తర్వాత తెచ్చి ఇస్తే నిన్ను దొంగ అనే అంటారు. నువ్వు భయపడ్డదే అవుతుంది. ఎందుకు కొని తెచ్చుకోవడం?

మూతకు ఎక్కడైనా బీట ఉన్నదేమో చూసి రాయి.

ఎల్లేశం


మెట్‌పల్లి
22-11-1957

అవ్వా, జవాబు లేదు. ఒంట్లో బాగున్నదా? కార్డు అందరి చేతుల్లో పడుతుంది కాబట్టి ఎక్కువ రాయను. సోమవారం దగ్గరికి వచ్చింది. నేను చెప్పింది మరవకు. ఎల్లేశం.


బోథ్
26-11-1957

ప్రియమైన కొడుకు ఎల్లేశానికి,

కార్డు అందింది. ఒళ్లు బాగున్నది. నువ్వు చెప్పినట్టు చెయ్యలేదు.

మొన్న ఆదివారం పొద్దున మూతను కొంగున కట్టుకొని బయలుదేరాను. తోవలో రెండుసార్లు వెనక్కి తిరిగాను. బాయి సామాను సర్దుతున్నది. ఆమె ముందు పెట్టాను. చెప్పాలనుకున్నవన్నీ మరిచిపోయాను. ఆమె దాన్ని ముట్టలేదు.

"సేటు పోయే ముందు నాకు చెప్పిండు, నీ కాడున్నదని" అన్నది.

నేను అక్కడే కూర్చున్నాను. "మరి తొమ్మిదేండ్ల సంది ఎందుకడగలే బాయీ?" అన్నాను.

"అడుగుత. నువ్వు లేదంటవు. రేపటి సంది నీ చేతి రొట్టె ఎట్ల తినాలె? ఇయ్యాల తెస్తది, రేపు తెస్తది అనుకుంట ఉన్న. ఇగ పోయేటప్పుడు గూడ తేలేదనే అనుకున్న."

అప్పుడు అన్నీ చెప్పాను. లేచే బండికి పదిహేను వందలని నువ్వు రాసింది చెప్పాను, దాచమన్నదీ చెప్పాను. కోపానికి రాకు. ఆమె నవ్వి, "పోరడు హుషారే" అన్నది. కైలాసం ధరే ఇమ్మన్నది. "నువ్వు తెచ్చినవు, నాకు గదే చాలు" అన్నది.

నాకు కోపం వచ్చింది ఎల్లేశం. నేను ఎవరి మీదైనా కోపగించడం నువ్వు చూశావా? సేటు పోయిన నెలలోనే నేను దాన్ని ఇచ్చి ఉంటే, ఆ మోటరు టైర్లతో, రంగుతో, నడిచే బండిగా అమ్ముడుపోయేది. నా భయానికి అది కొట్టంలో తుప్పు పట్టింది. ఆమె ఒక్క చీరతో రెండేండ్లు గడిపింది, నేనే ఉతికాను. అందుకని తొమ్మిది వందలు అన్నాను. ఆమె వద్దన్నది. అంతకు తక్కువకు నీ మోటరు మాకు వద్దన్నాను. మా బేరం వింటే ఎవరైనా పిచ్చివాళ్లనుకుంటారు. చివరికి ఆమే ఒప్పుకున్నది.

నువ్వు అన్న నాలుగు వందల యాభై నువ్వు కట్టు. అది మోటరుకు. మిగతా నాలుగు వందల యాభై నేను కడతాను. నిన్న ఎడ్లను మన వెనకింటి బాలమల్లుకు అమ్మాను. అవి నా పెండ్లికి పుట్టింటి నుంచి అరణంగా వచ్చిన ఆవు కడుపున పుట్టినవి. మీ బాపువి కావు, నీవి కావు. నన్ను అడగడానికి లేదు. యాసంగి పంట అయ్యేదాకా దున్నే పని లేదు. ఆ తర్వాత ఏమిటన్నది నాకూ తెలియదు.

కైలాసం నిన్ననే వచ్చాడు. "గీ తుప్పుకు తొమ్మిది వందలా ముసల్దానా, నీకెవలో మందు పెట్టిండ్రు" అని నవ్వి పోయాడు.

మూతకు బీట ఉన్నదా అని అడిగావు. ఉన్నది. ఒక కొమ్ము పక్కన, వెంట్రుక అంత. ముందు నుంచే ఉన్నదో, నా గుమ్మిలో పడ్డదో తెలియదు. బాయికి కూడా చూపించాను.

వచ్చే ఆదివారం పొద్దటి బస్సుకు రా. నిర్మల్ ఘాటు మీద కిటికీలోంచి చెయ్యి బయట పెట్టకు. బాయి ప్రయాణం ఆపుకొని కూర్చున్నది, మోటరు చప్పుడు విని పోతానని. లేవకపోయినా ధర మాత్రం మారదు. మేమిద్దరం అట్లా అనుకున్నాం. వచ్చినాక నువ్వు బేరం మొదలుపెడతావేమోనని నాకు భయంగా ఉన్నది, అందుకే ముందుగా రాస్తున్నాను.

ఎదురుచూస్తూ,
మీ అవ్వ బుచ్చవ్వ