యాడుండాదప్పా అని అడిగే పిల్ల

సర్జాపుర

భువనా, ఇక్కడ అందరం కులాసా.

పోయినసారి నీ ఉత్తరంలో ‘ఉండాది’ అన్నచోటల్లా ‘ఉంది’ అని దిద్ది తిప్పి పంపాను. నువ్వు రాయడమే మానేశావు.

మా అపార్ట్‌మెంట్ లైబ్రరీకి కొత్త పిల్లల పుస్తకాలొచ్చాయి. ఒకదాంట్లో నీ ఈడు పిల్ల, తప్పిపోయిన మేక కోసం “యాడుండాదప్పా?” అని ఊరంతా అడుగుతుంది. లైబ్రరీ చూసుకునే అమ్మాయికి నీ ఉత్తరం దిద్దిన సంగతి చెబితే, “అయితే ఈ బుక్కును గూడా దిద్దేస్తావేమక్కా?” అని నవ్వింది.

ఆ పుస్తకమే నీకూ ఒకటి కొని పంపుతున్నాను. పదకొండేళ్లకు మరీ చిన్నపిల్లల కథ అవుతుందేమో, తెలియదు. విసుగనిపిస్తే పక్కన పెట్టెయ్. మీ అమ్మకు దగ్గు తగ్గిందా?

నచ్చిందో లేదో నువ్వు మాట్లాడే మాటలోనే రాయి. ఈసారి ఉత్తరం నా దగ్గరే దాచుకుంటాను.

దీవెనలతో,
శశికళ పెద్దమ్మ