క్యాంపుకు వెళ్తే పిల్లను ఎవరు చూస్తారు

సరళా,

నువ్వు పోయిన రెండేళ్లకు నీ శిష్యురాలు స్వరూపను మహిళల కబడ్డీ జాతీయ జట్టుకు హెడ్ కోచ్‌గా తీసుకున్నారు. ఆ రోజే అమీర్‌పేటలో మెట్రో దిగి, స్వీట్ల డబ్బాతో పంజాగుట్టలో మనింటికి వచ్చి ఇంటర్వ్యూ సంగతి చెప్పింది.

“నన్ను సుత అడిగిన్రు పెద్దమ్మా, క్యాంపులకు పోతే పిల్లను ఎవరు చూస్తరని.”

“నువ్వేమన్నావు?”

“నాకంటే ముందు లోపలికి పోయిన సార్‌కు ముగ్గురు పిల్లలు. ఆయన ఏం చెప్పిండో చెప్పున్రి, నేను గదే చెప్త అన్న.”

అప్పట్లో నీ హెడ్ కోచ్ ఇంటర్వ్యూలో నువ్వు అదే ప్రశ్నకు జవాబు లేక తిరిగొచ్చావు. ఆ తర్వాత పదకొండేళ్లు అసిస్టెంట్‌గానే ఉండిపోయావు. మనిద్దరం కూర్చుని సెలెక్షన్ బోర్డును తిట్టుకున్నాం. కానీ ఉన్నది ఉన్నట్టు రాయాలంటే, నీ ఇంటర్వ్యూకు ముందురోజు, “నేను క్యాంపులకు పోతే నా పిల్లల్ని చూసుకుంటావా” అని నన్ను అడిగావు. “కన్నది నువ్వు, నేను కాదు” అన్నాను. ఆ మాట నువ్వు మళ్లీ ఎన్నడూ ఎత్తలేదు. ఆదివారం మామూలుగానే భోజనానికి వచ్చి, నా పప్పులో ఉప్పు తక్కువని వెక్కిరించావు.

ఇప్పుడు స్వరూప క్యాంపులో ఉంది. ఆమె ఆరేళ్ల కూతురు నా దగ్గర ఉంది. నేనే ఉంచమన్నాను. “మీరు మస్తు స్ట్రిక్టు కదా” అని స్వరూప కాస్త జంకింది. ఎనిమిదింటికి అన్నం, తొమ్మిదింటికి పడక. ఉప్పు తక్కువని ఇదీ అంటోంది.

నిన్న గోడమీది నీ ఫోటోకేసి వేలు చూపి, “అమ్మమ్మా, ఎవరు?” అంది.

“మీ అమ్మకు ఆట నేర్పిన కోచ్.”

“హెడ్ కోచా?”

పిల్లలకు అబద్ధాలు చెప్పొద్దని నిన్ను ఎన్నిసార్లు కసిరానో నీకు తెలుసు. అవునన్నాను.

నీ అక్క