నలభై దాటితే మోగుతుంది

ఏప్రిల్ 4

బండి లోపల ఇరవై ఎనిమిది డిగ్రీలు. బయట నిప్పులు. నేను అరుగు మీద, చేతిలో తాటాకు విసనకర్ర. మనిషికి లేని యోగం బండికి పట్టింది.

కారవాన్ అని పేరు పెట్టి, పాత మినీ బస్సులో రెండు మంచాలు, వంటగట్టు, బాత్రూము పెట్టించి ఏడాది. చలికాలంలో నాలుగు కిరాయిలు వచ్చాయి. ఎండలు ముదిరాక దిండి వైపు టూరిస్టు అన్నవాడే లేడు. రేకుల షెడ్డులో పడుకుని ఉంది, ఏసీ వేసుకుని.

ఏసీ వేసేది నేను కాదు. కువైట్‌లో ఇంటిపని చేస్తున్న సత్య. డబ్బు తనది, కష్టం తనది, మీట మాత్రం మొగుడి చేతికి ఎందుకిస్తుంది? రావులపాలెం నుంచి వచ్చిన మెకానిక్ బండికో సిమ్ బిగించి, "ఎవరి ఫోనులో ఎక్కించమంటారండీ?" అంటే, సెలవు మీద వచ్చి ఉన్న సత్య తన ఫోను చాపింది. పాస్‌వర్డ్ ఓసారి అడిగాను. "మీకిస్తే ఇరవై పెట్టుకుని పగలంతా పడుకుంటారండి" అంది. నిజమే, పడుకుంటాను.

నాకు దక్కింది తలుపు పక్కన చిన్న పెట్టె. అందులో అంకె చూసుకోవడం.

ఏప్రిల్ 6

పరుపులు ఎండలో వేద్దామని తలుపులు బార్లా తీశాను. పావుగంటలో ఫోను. "ఏవండీ, లోపల ముప్పై ఆరు చూపిస్తందండి. తలుపులేసెయ్యండి, చెక్క ఉబ్బిపోద్ది."

అంతే. తిన్నారా లేదు, ఒంట్లో ఎలా ఉంది లేదు. ఇంతలో మేడమ్ పిలిచిందట — పెట్టేసింది. నన్ను పలకరించడానికి వారానికోసారి. బండికి ఒళ్ళు వెచ్చబడితే మాత్రం క్షణాల్లో.

ఏప్రిల్ 7

ఇవాళ కావాలనే తీశాను తలుపులు. వచ్చింది ఫోను!

"మళ్ళీ ఏవైందండి?"

"బండికేం కాలేదు. నువ్వెలా ఉన్నావే?"

నవ్వింది. ఎన్నాళ్ళయిందో ఆ నవ్వు విని. గిన్నెలు కడుక్కుంటూనే మాట్లాడింది. "రంజాన్ అయిపోయింది, ఒప్పందం గడువూ అయిపోయింది. ఇంక పంపించెయ్యమని మేడమ్‌గారికి చెప్పేనండి" అంది. ఏమందావిడ అంటే, "ఏం అన్లేదండి" అంది. వెనక ఆ ఇంటి పిల్ల ఏడుపు, ఫోను కోసం. నాలుగేళ్ళదట, ఫోను కంటపడితే వదలదట.

వస్తుంది. వచ్చేస్తుంది. షెడ్డు కడిగాను. ఎందుకో తెలీదు, బండి టైర్లు కూడా కడిగాను.

ఏప్రిల్ 9

ఇరవై ఒకటి!

ఇరవై ఎనిమిదికి ఒక్క గీత కిందకి దించని మనిషి... నా మీద జాలి కలిగిందన్నమాట. వెళ్ళి పడుకున్నాను, దుప్పటి కప్పుకుని. ఏప్రిల్ నెలలో, దుప్పటి! పక్కింట్లోనే ఉండే వదినగారు అద్దంలోంచి తొంగిచూసి, "ఏం మరిదిగారూ, మా సత్య కువైట్నించి చలి పంపించిందేంటండి?" అన్నారు.

"ఆయ్" అన్నాను. గర్వంగానే అన్నాను.

ఏప్రిల్ 10

పద్దెనిమిదికి పెట్టారు. మధ్యాహ్నం ముప్పైకి. తర్వాత ఇరవై. లోపలి లైట్లు పట్టపగలు వెలిగాయి, ఆరాయి, మళ్ళీ వెలిగాయి.

మెకానిక్‌ని అడిగాను. "బండిలో లోపం లేదండి. అట్నించి ఎవరో నొక్కుతున్నారండి."

ఎవరో అంటే? సత్య ఇలా నొక్కదు. లైటు వేసే ముందు బిల్లు తలచుకునే మనిషి.

ఏప్రిల్ 11

చేశాను. ఎత్తలేదు. చేశాను. ఎత్తలేదు.

సాయంత్రం ఎత్తారు — చిన్నపిల్ల గొంతు. నాకు రాని భాషలో రెండు మాటలు, కిలకిల నవ్వు. "సత్యకియ్యమ్మా... సత్యకి" అన్నాను, తెలుగులోనే, పిచ్చివాడిలా. పెట్టేసింది.

సత్య ఫోను ఆ పిల్లకి ఆటబొమ్మ అయింది. మరి సత్య ఏది?

మొన్న హాయిగా ముసుగుతన్ని పడుకున్నాను. ఆ చల్లదనం తనిచ్చింది కానే కాదు. అప్పటికే తన చేతిలో ఫోను లేదు. తలుచుకుంటే సిగ్గేస్తోంది. సిగ్గుకంటే భయం ఎక్కువగా ఉంది.

ఏప్రిల్ 12

రాజోలు. సత్యని పంపించిన ఏజెంటు దగ్గరికి. కుర్చీ వేశాడు, సోడా తెప్పించాడు, మర్యాదకేం లోటు లేదు. "వెళ్ళిపోతానంటే కొన్నిళ్ళల్లో ఫోను లాగేసుకుంటారండి. మామూలేనండి. కంగారు పడకండి."

ఇంటి అడ్రసు ఇవ్వమన్నాను. "కనుక్కుంటానండి." ఎప్పటికి? "ఆయ్... కనుక్కుంటానండి."

కాలరు పట్టుకోవాల్సింది. "ఉంటానండి" అని చెప్పి వచ్చాను. మా వైపు వాళ్ళం ఇంతే, మునిగిపోతూ కూడా అండీ అంటాం.

ఏప్రిల్ 13

ఇరవై రెండు. మధ్యాహ్నం దాకా కదల్లేదు. పిల్ల నిద్రపోతోందేమో.

వదినగారు పనసపొట్టు కూర పంపించారు. అలాగే మూత పెట్టేశాను.

ఏప్రిల్ 14

అమలాపురం కలెక్టరాఫీసుకి వెళ్ళి అర్జీ ఇచ్చాను. తీసుకున్నారు. పైకి పంపిస్తామన్నారు. ఎంత పైకో!

వచ్చేసరికి వదినగారు షెడ్డు దగ్గర. "ఎంతసేపూ ఆ పెట్టెకేసి చూస్తా కూర్చుంటారేంటండి? ఆ కరెంటు తీసేద్దురూ, దండగ."

ఎలా చెప్పను? ఈ అంకె మారినన్నాళ్ళూ ఆ ఫోనులో ప్రాణం ఉన్నట్టు. ఆ ఇల్లు ఏ వీధిలో ఉందో నాకు తెలీదు, ఆ మనుషుల పేర్లు తెలీవు. వాళ్ళింట్లోకి నాకున్న దారి ఇదొక్కటే. తీసేయనంటే తీసేయను.

కసిరాను ఆవిడని. పాపం.

ఏప్రిల్ 15

ఒక ఆలోచన.

లోపల నలభై దాటితే సత్య ఫోను మోగుతుంది. మామూలు మోత కాదు — బిగించిన రోజు ఇదే అరుగు మీద మోగిస్తే చెట్ల మీద కాకులు లేచిపోయాయి. నాలుగంకెల కోడ్ కొడితేగానీ ఆగదు. కోడ్ సత్యకి తప్ప ఎవరికీ తెలీదు, నాకూ చెప్పలేదు. ఆపాలంటే ఆ ఇంటివాళ్ళు సత్యని పిలవాలి. పిలిచి ఫోను చేతిలో పెట్టాలి.

కోడ్ పడితే ఇక్కడ పెట్టె మీద ఎర్రదీపం ఆరుతుంది. ఫోనే ఆపేస్తే? అప్పుడు దీపం ఆరదు, ఆ పిల్ల బొమ్మ కోసం ఏడుస్తుంది, మళ్ళీ ఆన్ చెయ్యక తప్పదు. ఏడవాలి. ముక్కుపచ్చలారని పిల్ల ఏడవాలని కోరుకుంటున్నాను, ఎలాంటివాణ్ణయిపోయానో.

మెకానిక్‌ని ఊరికే అడిగినట్టు అడిగాను. "అంత వేడా? పైకప్పు జిగురు ఊడిపోద్దండి. బండి మీద ఆశ వదులుకోవాలండి."

ఏప్రిల్ 16

బండిని షెడ్డులోంచి తీసి నడిఎండలో పెట్టాను. అద్దాలన్నీ బిగించాను. ఏసీ మెయిన్ పీకేశాను. పెట్టె బ్యాటరీ మీదే నడుస్తుంది.

ముప్పై నాలుగు. ముప్పై ఏడు. లోపల ఎక్కడో చెక్క టప్పుమంది. వదినగారు పరుగున వచ్చారు. "మతి పోయిందేంటి మరిదిగారూ! దాని రెక్కల కష్టమండి అది!"

"నాకూ తెలుసండి" అని అరిచాను.

నలభై ఒకటి. ఎర్రదీపం.

అక్కడ మోగుతోంది. ఏ గదిలోనో, ఏ సోఫా మీదో... ఎవరో విసుక్కుంటున్నారు, ఎవరో నొక్కి చూస్తున్నారు, ఆగట్లేదు. పిలవండి. పిలవండి దాన్ని. బండి చుట్టూ తిరుగుతున్నాను, చెప్పుల్లేకుండా. నలభై మూడు. జిగురు వాసన. ఏడుపొచ్చింది. వదినగారి ముందే ఏడ్చాను. అప్పుడు చెప్పాను ఆవిడకి, అంతా.

నలభై నాలుగు — దీపం ఆరింది.

ఆరింది! సత్య ఉంది. ఆ ఇంట్లోనే ఉంది. నాలుగంకెలు కొట్టేంతసేపు ఫోను తన చేతిలో ఉంది.

మెయిన్ వేశాను. ఫోను ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాను. చీకటి పడేదాకా కూర్చున్నాను.

రాలేదు.

ఏప్రిల్ 17

రాలేదు. నేను చేస్తే ఎత్తలేదు. ఏజెంటుకి చేశాను — "కనుక్కుంటున్నానండి."

బండి తలుపు, అద్దాలు తీసి చూశాను. పైకప్పు ఓ మూల ఊడి వేలాడుతోంది. మంచం చెక్క బద్దలు పైకి లేచాయి. ఇది చూస్తే సత్య నన్ను చంపేస్తుంది. చంపనీ. వచ్చి చంపనీ.

ఒక్క సందేహం తొలుస్తోంది. నిన్న కోడ్ కొట్టించుకుని మళ్ళీ లాక్కున్నారు. మరి తిట్టారా? కొట్టారా? నేను మోగించినందుకు తను పడిందా? ఏమో. మోగించకపోతే పడటం లేదని ఎవరు చెప్పారు?

పొద్దెక్కింది. వదినగారు వచ్చి నిలబడ్డారు. బండికేసి చూశారు, నాకేసి చూశారు. కొంగు నడుముకి దోపుకున్నారు.

"అటుపక్క అద్దాలు నేను బిగిస్తానండి" అన్నారు.

మెయిన్ పీకేశాను.