'ఝా' ఏ బోర్డు మీదా లేదు

నాన్నా,

మా కాలేజీ సినిమాకి మొదట్లో పడే పేర్లు తయారుచేసే పని నాకిచ్చారు. నువ్వు పోయాక పటమటలో నువ్వు రాసిన కొట్ల బోర్డులు తీసేసి ఫ్లెక్సీలు కడుతున్నారు. మిగిలినవాటిని ఫోటోలు తీసి, నీ అక్షరాలతోనే అందరి పేర్లూ కూర్చాను. నా పేరు దగ్గర ఆగిపోయాను. ఝాన్సీ అని పెట్టింది నువ్వే. 'న్సీ' ఏదో ఏజెన్సీ బోర్డులో దొరికింది. 'ఝా' ఎక్కడా లేదు.

"కంప్యూటర్‌లోది పెట్టెయ్యమ్మా, ఎవరు చూస్తారు?" అన్నారు మాస్టారు.

మనసొప్పలేదు. బిగుసుకుపోయిన నీ కుంచెని థిన్నర్‌లో నానబెట్టి నేనే రాశాను. ఎన్నిసార్లు రాసినా నీ ఒంపు రాలేదు.

నిన్న కాలేజీలో సినిమా వేశారు. అమ్మకి ముందుగా ఏమీ చెప్పలేదు. పేర్లన్నీ కదలకుండా చూసింది. నా పేరు పడగానే నా చెయ్యి పట్టుకుంది.

"ఆ మొదటి అక్షరం మీ నాన్నది కాదు కదే?"