ఎదురుకొట్టు హెడర్లు

తమ్ముడూ,

మా కొట్టుకి ఎదురుగా కొత్తగా తెరిచిన కుట్టుకొట్టు వెబ్‌సైట్‌లో అన్నీ నేను కుట్టిన గౌన్ల ఫొటోలే. అడిగితే, "వాళ్ళెవరో నాకేం తెలుసక్కా?" అన్నావు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నేను వెయ్యమనకుండానే నీ కూతురు బుజ్జి మీద ఒట్టు కూడా వేశావు. అనుమానం అక్కడే మొదలైంది.

నువ్వు నా సైటు కట్టినప్పుడు నేర్పిందే చేశాను. కంప్యూటర్లో ఆ నల్ల తెర తెరిచి curl -I అని కొట్టి, పక్కన వాళ్ళ సైటు అడ్రస్ ఇచ్చాను. పేజీ రాకుండా, దానికి ముందు సర్వర్ పంపే హెడర్లు, అంటే సైటు వివరాల వరసలు, మాత్రమే వచ్చాయి. చివరి వరసలో "bujji" అని ఉంది. నువ్వు కట్టే ప్రతి సైటులోనూ చూసేవాళ్ళకి కనబడకుండా పిల్ల పేరు అక్కడే దాస్తావుగా!

ముందు ఆ ఒట్టు తీసి గట్టున పెట్టు. బుజ్జికి గౌను కుట్టాను, పిల్లని మరదలితో పంపు. నువ్వు ఎదురుకొట్టులోనే ఆగు.

అక్క