చివరి వాక్యంలో ఊరి పేరు

పోర్ట్ లెనార్డ్
ఏప్రిల్ 17, 1979

నాన్నగారికి,

బెర్నడెట్ నమస్కారాలు. అమ్మా నేనూ బాగానే ఉన్నాం. అమ్మ మోకాలు కూడా ఈ వారం పేచీ పెట్టలేదు. సరస్సులో ఇంకా మంచుగడ్డలు తేలుతున్నాయని రేడియోలో చెప్పారు. ఓడ మీద ఉన్ని చొక్కా విప్పకండి.

మీ ఉత్తరంలో మూడు సంగతులు అడిగారు. కుక్క తింటోంది. ఇంటికప్పు కారడం లేదు. మూడోది, వ్యాయామశాలలో మీరు వేసిన చెక్కనేల వసంతపు చెమ్మకి ఉబ్బిందా అని. ఉబ్బలేదు నాన్నా. అది ఇప్పుడు మన ఊళ్ళో లేదు.

మన బాస్కెట్‌బాల్ జట్టు, లాంతర్లు, ఊరు విడిచి వెళ్ళిపోయింది. నిన్న ఉదయం స్కోరుపుస్తకం తెచ్చుకుందామని వెళితే తలుపు తీసే ఉంది. లోపల ఒట్టి సిమెంటు. బుట్టలు లేవు, బెంచీలు లేవు. ఫిబ్రవరిలో మీరూ మీ ఓడవాళ్ళూ పది రోజులు మోకాళ్ళ మీద కూర్చుని పరిచిన మేపుల్ చెక్కల్లో ఒక్కటీ లేదు. మధ్యలో ఐనో బాబాయి టోపీ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఈస్టర్ పూట, ఊరంతా చర్చిలో ఉండగా రెండు లారీలొచ్చాయిట పిల్లా. అయోవాకట," అన్నాడు. "మీ నాన్న వేసిన నేలకి కాళ్ళొచ్చాయి చూడు. అది వేసి నా కాళ్ళు పోయాయి."

నేను నవ్వలేదు. ఆయనా నవ్వలేదు.

సిమెంటు మీద ఒక చిన్న పుస్తకం పడి ఉంది. తీసి చూస్తే నేను రాసిందే. జనవరిలో జట్టు యజమాని కెస్లర్ గారు మన వంటింట్లో కూర్చుని అడిగారు గుర్తుందా: "కాన్వెంటు సిస్టర్ల దగ్గర చదివిన పిల్లవి, కామా ఎక్కడ పెట్టాలో నీకే తెలుసు. మన జట్టు చరిత్ర నువ్వే రాసిపెట్టాలమ్మా." "దానికి మాట రాదు గానీ రాత వచ్చు," అన్నారు మీరు.

జట్టు ఇంతకుముందు ఉన్న ఊళ్ళ గ్రంథాలయాలకి ఉత్తరాలు రాశాను. జట్టు పుట్టింది పెన్సిల్వేనియాలో ఒక బొగ్గుగనుల ఊళ్ళో. గనివాళ్ళ దీపాలను బట్టి ఆ పేరు పెట్టారు. తర్వాత ఇండియానా, తర్వాత ఒహాయో. మనవాళ్ళు మాత్రం మన రేవు దీపస్తంభాన్ని చూసి పెట్టారనుకున్నారు. నేను ఎవరినీ దిద్దలేదు. చివరి వాక్యం ఇలా రాశాను: "మూడు ఊళ్ళు తిరిగిన లాంతర్లు పోర్ట్ లెనార్డ్‌లో ఇల్లు చేరాయి." అచ్చులో నాలుగు ఊళ్ళు అని ఉంది. మన ఊరి పేరు ఉండాల్సిన చోట అయోవాలోని వెస్ట్ బ్రాంటన్ పేరు ఉంది. తక్కినదంతా నాదే, కామాలతో సహా. నా పేరు మాత్రం లేదు.

ఇప్పుడు మీకు చెప్పవలసింది. మీరు మొదటి చెక్క పరచడానికి వారం ముందు, ఒహాయో నుంచి మిస్ ఓడెల్ అనే గ్రంథపాలకురాలు జవాబిచ్చింది. "అమ్మాయీ, ఆ కెస్లర్ ఈసారి నిన్ను పట్టుకున్నాడా? ఇక్కడ చరిత్ర రాసింది నేనే. రాసిచ్చిన వసంతంలోనే వెళ్ళిపోయారు. ఇండియానాలో ఒక టీచరు చేత రాయించాడు, అక్కడా అంతే. అది మన కోసం కాదు తల్లీ, వెళ్ళబోయే ఊరికి చూపించడానికి."

ఆ ఉత్తరాన్ని నిఘంటువులో పెట్టి మూసేశాను. ముసలావిడ అసూయ అనుకున్నాను. నిజానికి నా పేరు అచ్చులో చూసుకోవాలని ఉండింది. మీరు రోజూ సాయంత్రం రంపపు పొట్టు దులుపుకుంటూ వచ్చి, "ఈ నేల మనవలదాకా ఉంటుందే," అంటుంటే, సూపు గిన్నె మీ ముందు పెట్టి ఊరుకున్నాను. ఒక్క మాట చెప్పి ఉంటే మీరు ఆ చెక్కలు వేసేవారు కాదు.

ప్రతి చెక్క అడుగునా మీరు పెన్సిలుతో ఒక పేరు రాశారని ఐనో బాబాయి చెప్పాడు. అమ్మ పేరు, మీ ఓడవాళ్ళ పేర్లు. బుట్టలోకి బంతి విసిరే గీత దగ్గరి చెక్క మీద నాది.

ఈ ఉదయం వెస్ట్ బ్రాంటన్ గ్రంథాలయానికి ఉత్తరం వేశాను. జట్టు చరిత్ర రాయమని కెస్లర్ మీ ఊళ్ళో ఏ అమ్మాయినైనా అడిగిన రోజున ఈ ఉత్తరం ఆమెకు చూపించండి, నమ్మకపోతే నేల చెక్కలు తిరగేసి చూడమనండి, అని రాశాను. మిస్ ఓడెల్ జాబు కూడా జతచేశాను. కింద నా పేరు పూర్తిగా రాశాను.

మీరు తిట్టినా సరే, జవాబు రాయండి.

ఇట్లు,
మీ కూతురు
బెర్నడెట్